చిన్నామె చెప్పిన మాటలో సగం

ఆ ఉద్యోగం ఎనిమిది నెలలది. అరవయ్యేళ్ళు దాటినవాళ్ళు ఎవరి దగ్గర ఉంటున్నారు, ఎవరు వండి పెడుతున్నారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తున్నారు, మనసుకి ఎలా ఉంటోంది అని అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకురావడం నా పని. అరవయ్యో దశకం చివరి మాట ఇది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఎమ్మే అయిపోయి విజయనగరంలో మా ఇంట్లో ఊరికే కూర్చుని ఉన్నాను. విశాఖలో మాకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరుగారు ముసలితనం మీద పరిశోధన మొదలుపెట్టారనీ, ఊళ్ళు తిరిగే మనుషులు కావాలనీ తెలిసి నేనూ వస్తానని ఉత్తరం రాశాను. మా నాన్న ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. నాకు అప్పగించిన ఊళ్ళన్నీ చీపురుపల్లి చుట్టుపక్కలవి, చీపురుపల్లిలో మా మేనత్త ఉంది. పొద్దున్నే ఆవిడ పెట్టిన చద్దన్నం తిని బయల్దేరాలి, దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి. అదీ షరతు.

ప్రొఫెసరుగారు మాకు రెండు విషయాలు గట్టిగా చెప్పి పంపారు. ఒకటి, ప్రతి మనిషినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. కొడుకు ఎదురుగా తల్లి చెప్పే జవాబు జవాబు కాదు. రెండు, ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన పడకూడదు. "మనం వైద్యులం కాదు, తగువు తీర్చే పెద్దలం కాదు. విని, రాసుకుని, వచ్చేస్తాం. అంతవరకే మనకి హక్కు" అన్నారాయన. నేను బుద్ధిగా తలూపాను.

ఊళ్ళలో పని తేలిగ్గా సాగలేదు. ఆ రోజుల్లో కొండల వైపు గిరిజనుల తిరుగుబాటుతో అలజడిగా ఉండేది. కొత్త మనిషి సంచీలో కాగితాలు పెట్టుకుని వస్తే జనం ముందు అనుమానంగా చూసేవారు. కొందరు భూముల లెక్క అనుకునేవారు, కొందరు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేవాళ్ళు పంపారనుకునేవారు. ఎనభై ఏళ్ళ తాతగారొకాయన తనకి ఆపరేషన్ దేనికని నన్ను నిలదీశాడు. ఏ ఊళ్ళోనైనా రెండోసారి వెళితేగాని నోరు విప్పేవారు కాదు.

ఆ ఇద్దరూ మాత్రం మొదటి రోజే కూర్చోమన్నారు.

చీపురుపల్లి నుంచి బస్సులో అరగంట, అక్కణ్ణించి చోడి, అంటే రాగి, చేల మధ్య మైలు నడక. ఊరి మొదట్లోనే తాటాకు ఇల్లు, ముందు చిన్న అరుగు. అరుగు మీద ఒకామె ఉలవలు చెరుగుతోంది. ఇంకొకామె ఆమె పక్కనే కూర్చుని, చేటలోంచి తీసిన ఉలవల్ని వేళ్ళతో తడిమి రాళ్ళు ఏరుతోంది. రెండో ఆమె కళ్ళల్లో పొరలు కమ్మేశాయని దగ్గరికి వెళితేగాని తెలియలేదు. అక్కాచెల్లెళ్ళా అని అడిగాను. చేట పట్టుకున్నామె నవ్వింది.

"సవతులం" అంది.

పెద్దామెకి పెళ్ళయి పన్నెండేళ్ళు పిల్లలు పుట్టలేదు. మొగుడికి మళ్ళీ పెళ్ళి చేస్తామని అత్తవారు అంటే, వాళ్ళు తెచ్చినదాన్ని తనెందుకు భరించాలని, తనే నాలుగు ఊళ్ళు తిరిగి చిన్నామెను చూసి తెచ్చింది. చిన్నామెకి అప్పుడు పదిహేనేళ్ళు. కొడుకు పుట్టాడు. మొగుడు పోయి ఇరవయ్యేళ్ళవుతోంది. కొడుకు విజయనగరంలో సైకిలు షాపు పెట్టుకుని, పెళ్ళాం పిల్లలతో అక్కడే ఉంటున్నాడు. వీళ్ళిద్దరూ ఇక్కడ. పెద్దామె వండుతుంది, నీళ్ళు తెస్తుంది, చేలో కలుపు చూసుకుంటుంది. చిన్నామె కూర్చుని చేసే పనులన్నీ చేస్తుంది. పెద్దామెకి మోకాళ్ళ నొప్పులు, పెరటి బావి దాటి ఒంటరిగా పోలేదు, చిన్నామెకి కళ్ళు కనిపించవు. గట్టు మీద నడిచేటప్పుడు చిన్నామె భుజం మీద చెయ్యి వేసి పెద్దామె నడుస్తుందనీ, ఎటు వెళ్ళాలో వెనకనుంచి పెద్దామె చెబుతుందనీ ఊళ్ళోవాళ్ళు నాకు తర్వాత చెప్పారు.

మా ఫారంలో ఎవరితో ఉంటున్నారన్న చోట కొడుకుతో, కూతురితో, భర్తతో, ఒంటరిగా అని ఉంది. చివర్న ఇతర బంధువులతో అని ఉంది. సవతితో అన్నది లేదు. ఇతర బంధువుల దగ్గర గీత పెట్టి, ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలన్నాను.

ముందు పెద్దామె నీళ్ళకి వెళ్ళింది. చిన్నామెను అడిగాను. తిండి, నిద్ర, జబ్బులు అన్నీ అయ్యాక, ఎవరి దగ్గర ఉండాలని మీకు ఇష్టం అన్న ప్రశ్న వచ్చింది. ఆమె పెరటి వైపు చెవి పెట్టి కాసేపు విన్నది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"కొడుకు కాడికి ఎల్లాలని ఉండదేటి పాపా? ఉంటాది. మనవల మొకాలు ఎలగుంటాయో నాను సూణ్నేదు. కళ్ళు బాగు సేయిస్తాను రాయే అమ్మా అంటన్నాడు ఆడు. కాని అప్పనొగ్గేసి నాను ఎల్లను. ఈ మాట అప్ప కాడ అనకు. నాకు ఎల్లాలని ఉన్నాదని తెలిస్తే నన్ను పంపేస్తాది."

పెద్దామెను ఆమె అప్ప అని, అంటే అక్క అని పిలుస్తుంది. మాట మాటా రాసుకున్నాను.

తర్వాత పెద్దామె వంతు. బావి గట్టు దగ్గర కూర్చున్నాం. అదే ప్రశ్న అడిగాను. ఆమె నేరుగా జవాబు చెప్పలేదు. కొడుకు మంచివాడేననీ, కోడలికి ఇద్దరు ముసలాళ్ళని చూసే ఓపిక లేదనీ, ఇల్లు రెండు గదులదనీ, తనను పుట్టింటికి పొమ్మంటున్నారనీ చెప్పింది. పుట్టింట్లో అన్నదమ్ములు పోయారు, వాళ్ళ కొడుకులకి తనెవరో కూడా సరిగ్గా తెలియదు.

"అది ఎల్తే దాని కళ్ళు బాగవుతాయి. నాకు తెల్దేటి? ఎల్లమంటే ఎల్లిపోతాదేమోనని అనడం మానేసేను. నాది పాడు బుద్ది. అది కూడా రాసుకో" అంది.

రాసుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఆ రెండు ఫారాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరి మనసుల్లోనూ ఉన్నది నాకొక్కదానికే తెలుసు. ఒకే చూరు కింద నలభై అయిదేళ్ళకి పైగా బతుకుతున్న ఆ ఇద్దరికీ తెలియదు. అది తలుచుకుని కొంచెం గర్వపడ్డానని కూడా చెప్పాలి.

రెండు వారాల తర్వాత అదే ఊళ్ళో మిగిలిన ఇళ్ళ కోసం వెళ్ళాను. పని ముగించుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు ఆగే చోట నలభై దాటిన మనిషి ఒకతను నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, గోళ్ళల్లో సైకిలు చమురు నలుపు. అడక్కముందే తెలిసింది, చిన్నామె కొడుకని. తల్లిని చూడ్డానికి వచ్చి తిరిగి వెళుతున్నాడు. నేనెవరో తనకీ తెలిసింది.

"మా అమ్మని ఏవో అడిగి రాసుకున్నారట కదండీ" అన్నాడు మర్యాదగానే.

అవునన్నాను. ఏం చెప్పిందని అడిగాడు. అది చెప్పకూడదన్నాను. అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను నోరు మూసుకునే ఉండేదాన్ని. అతను మైలురాయి మీద కూర్చుని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. తను ఏడాదిగా తిరుగుతున్నాడు. వచ్చిన ప్రతిసారీ తల్లి 'సూద్దాం' అంటుంది, పెద్దమ్మ పక్కనే కూర్చుని ఏమీ అనదు. డాక్టరు ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు రాదన్నాడు. పెద్దమ్మే అమ్మను కదలనివ్వడం లేదని అతని అనుమానం. ఆ మాట అంటే పాపం వస్తుంది, చిన్నప్పుడు తనని ఎత్తుకుని తిరిగింది ఆవిడే అని కూడా అన్నాడు.

"మా అమ్మకి రావాలని ఉందా, లేదా? అదొక్కటి చెప్పండి. లేదంటే ఇంకెప్పుడూ అడగను. ఆ దేవుడి మీద ఒట్టు."

దూరంగా బస్సు దుమ్ము కనిపిస్తోంది. కళ్ళు పోతాయన్న మాట నన్ను పట్టుకుంది. రూలు కోసం ఒక మనిషి చూపు పోగొట్టడమా అనిపించింది. నా మనసులో జరిగింది అంతకంటే ఎక్కువేమీ లేదు.

"రావాలని ఉందనే చెప్పారండీ. కాని..." అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రేకు మీద కొడుతూ తొందరపెడుతున్నాడు. దీపాల వేళకి ఇల్లు చేర్చే బస్సు అదే. నేను ఎక్కాను, అతను ఎక్కలేదు. చేల మధ్య దారిలో ఊరి వైపు తిరిగి గబగబా నడిచిపోతున్నాడు. కిటికీలోంచి కేకేసి పిలవచ్చు. దిగిపోవచ్చు. మేనత్త గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుందన్న ఆలోచనతో సీటులోనే ఉండిపోయాను.

ఒక రోజు ఆగి, ఉండబట్టలేక మళ్ళీ వెళ్ళాను. నేను చేరేసరికి ఇంటిముందు ఒంటెద్దు బండి నిలబడి ఉంది. లోపల గడ్డి పరిచి దుప్పటి వేసి ఉంది. కొడుకు బండి పక్కన ఉన్నాడు. అరుగు ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు.

అతను ఆ సాయంత్రం వెనక్కి వచ్చి పెద్దామెతో ఏమన్నాడో ఆ ఆడవాళ్ళలో ఒకామె నాకు చెప్పింది. అమ్మకి రావాలనే ఉందనీ, నీకు జడిసి చెప్పలేక ఆ పాప కాగితంలో రాయించిందనీ అన్నాడట. కాగితంలో ఉందన్న మాట వినగానే పెద్దామె ఇంక మారు మాటాడలేదట.

పెద్దామె గడపలో కూర్చుని చిన్నామె చీరలు మడతపెడుతోంది. ఆరు చీరలు. ఒక్కొక్కటీ మోకాలి మీద పరిచి, చేత్తో సాపు చేసి, మూట గుడ్డలో పెట్టింది. చిన్నామె మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటోంది. ఆమె ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. తన చీరలు మడతపెట్టేది ఎవరో, ఎందుకో ఆమెకి చూడనవసరం లేదు. అప్ప తనని ఒక్కసారి కూడా వద్దనలేదు, ఉండమనలేదు. పంపించడానికి సిద్ధంగానే ఉందన్నమాట. ఆమె అలా అనుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"అప్పా, ఎల్లమంటావేటి?" అని అడిగింది చివరికి.

"నీ కొడుకు బండి తెచ్చేడు కదా" అంది పెద్దామె.

అంతే. నేను గుమ్మానికి మూడు బారల దూరంలో నిలబడి ఉన్నాను. సంచీ బరువు భుజానికి తెలుస్తోంది. రెండు వాక్యాలు చాలు. ఆవిడ మిమ్మల్ని వదిలి వెళ్ళనంది. ఈవిడ మీరెక్కడ వెళ్ళిపోతారోనని భయపడింది. నోటిదాకా వచ్చాయి. అవి చెబితే నేను మాట తప్పిన సంగతి ఊరందరి ముందూ బయటపడుతుంది, ప్రొఫెసరుగారికి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది. పైగా కళ్ళు బాగవుతాయి కదా, మంచే జరుగుతోంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చిన్నామెను బండి ఎక్కించారు. పెద్దామె గడప దాటి బయటికి రాలేదు. బండి కదిలాక చిన్నామె ఇంటి వైపు ముఖం తిప్పి ఉంచింది, కాని ఇల్లు ఎటుందో ఆమెకి సరిగ్గా తెలియలేదు. వేరే వైపు చూసింది.

వారం గడిచాక పెద్దామె దగ్గరికి వెళ్ళాను. నీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. పక్కింటామె నన్ను పెరటి దారిలో ఆపి, నాలుగు రోజులై పొయ్యి వెలగలేదని చెప్పింది. తాము తెచ్చిన అంబలి తీసుకుంటుంది, సాయంత్రానికి అలాగే తిరిగి వస్తుంది. మోకాళ్ళ నొప్పి ఎక్కువై బావి దాకా కూడా నడవలేకపోతోంది. ఇన్నాళ్ళూ ఆసరాగా పట్టుకున్న భుజం ఇప్పుడు లేదు. ఫారంలో ఇప్పుడు ఆమెకి 'ఒంటరిగా' అన్న గడి సరిపోతుందని నాకు తోచింది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాను. ఆ రోజు కూడా నిజం చెప్పకుండానే వచ్చేశాను.

ఆదివారం విజయనగరం వెళ్ళాను. పెద్దాసుపత్రిలో చిన్నామెకి కుడికన్ను ఆపరేషనై నాలుగో రోజు. ఆడవాళ్ళ వార్డులో గోడవార మంచం. వెల్లకిలా పడుకోబెట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసక మూటలు పెట్టారు. రెండు కళ్ళకీ కట్టు. మంచం దగ్గర కోడలు కూర్చుని చెంచాతో జావ పోస్తోంది. చామనఛాయ మనిషి, కళ్ళ కింద నిద్రలేమి. నన్ను చూసి లేచి పక్కకి తీసుకెళ్ళింది.

అత్తగారు రెండు రాత్రుల నుంచి నిద్రపోవడం లేదని చెప్పింది. అప్ప వచ్చిందా అని అడుగుతోంది, లేదంటే ముఖం అటు తిప్పుకోబోతోంది. తల కదలకూడదు, దగ్గకూడదు, ముఖ్యంగా ఏడవకూడదు. ఏడిస్తే కుట్టు దగ్గర ఒత్తిడి పడి చేసిందంతా వృథా అవుతుందని డాక్టరు రోజూ హెచ్చరిస్తున్నాడు. నిన్న సాయంత్రం కట్టు తడిసిందట. "ఆవిడ ఎందుకొస్తుందండీ, ఇల్లు దాటించి పంపేసిన మనిషి అని మావారు అంటున్నారు. నాకేమీ తోచడం లేదు" అంది కోడలు. ఆమె గొంతులో నేననుకున్న గయ్యాళితనం ఎక్కడా లేదు. అలసట ఉంది, భయం ఉంది.

నేను మంచం పక్కన కూర్చుని నా మాట వినిపించాను. చిన్నామె గుర్తుపట్టింది. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"పాపా, అప్పకి నా మీద కోపం ఎందుకొచ్చింది? నీకు తెలుసునా?"

కట్టు కింద ఆమె బుగ్గ వణికింది. నర్సు రెండు మంచాల అవతల నుంచి మా వైపు చూస్తోంది. నిజం చెబితే ఏడుస్తుంది. చెప్పకపోతే కూడా ఏడుస్తుంది. కోపం లేదమ్మా, మోకాళ్ళ వల్ల రాలేకపోయింది, రేపు తీసుకొస్తాను అన్నాను. నా మణికట్టు వదల్లేదు ఆమె. తీసుకురాకపోతే ఈ కట్లు పీకేసుకుని లేచి పోతాను, గుడ్డిదాన్నైతే మాత్రం దారి తెలుసుకోలేనేటి అంది. అరిచి కాదు, చాలా మామూలుగా. అందుకే భయమేసింది.

కొడుకు బయట వరండాలో ఉన్నాడు. అతనికి ముందు చెప్పాలి. తల్లి చెప్పిన మాటలో మొదటి సగమే తనకి చేరిందనీ, రెండో సగం ఇదీ అనీ ఆమె మాటల్లోనే చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు.

"భయపడి" అన్నాను.

అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు. పెద్దమ్మను ఊళ్ళోవాళ్ళ ముందు దోషిని చేసి మాట్లాడానని, ఇప్పుడు వెళ్ళి ఏ ముఖం పెట్టుకుని పిలవనని తలపట్టుకున్నాడు. నేను వెళతానన్నాను. చెడగొట్టింది నేను గనక.

మర్నాడు మొదటి పాసెంజరు బండిలో చీపురుపల్లి వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కాను. పెద్దామె అరుగు మీదే ఉంది. వారంలో మనిషి సగమైపోయింది. నేను కింద కూర్చుని, ఏదీ దాచకుండా వరసగా చెప్పాను. చిన్నామె నాతో అన్నది, నేను ఆమె కొడుకుతో అన్నది, బండి కదిలిన రోజు నేను ఎదురుగా నిలబడి నోరు మూసుకున్నది. ఆమె చూపు చేలవైపే ఉంది. చెప్పడం అయిపోయాక నావైపు తిరిగింది.

"రాసుకుంటానన్నావు కదా. సెప్తానన్నావేటి?"

నేను తల దించుకున్నాను.

"మరి నాను సెప్పింది ఎవుళికి సెప్పేవు?"

ఎవరికీ చెప్పలేదన్నాను. ఆమె నా ముఖాన్ని పరీక్షగా చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"నువ్వు సదువుకున్నదానివి" అంది. "నాను దాన్ని పదేను ఏళ్ళప్పుడు ఈ ఇంటికి తెచ్చేను. దాని మనసులో ఏటున్నాదో నాకే తెల్దు, నీ కాగితానికి తెలిసింది అనుకున్నాను."

ఇంక ఆమె రాదనే అనుకున్నాను. ఎండ అరుగు మీదికి ఎక్కేదాకా అలా కూర్చున్నాం. చివరికి నేను ఆసుపత్రి సంగతి చెప్పాను. కట్టు తడిసిందని, ఏడిస్తే కన్ను పోతుందని, కట్లు పీకేస్తానందని.

"అది అన్నాదంటే సేస్తాది" అంది పెద్దామె. గోడ పట్టుకుని లేవడానికి ప్రయత్నించింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. నేను చెయ్యి అందిస్తే తీసుకోలేదు. పక్కింటామెను కేకేసి, ఆమె చెయ్యి పట్టుకుని లేచింది. తలుపు గొళ్ళెం పెట్టించింది. మైలు దారి మేము రెండు గంటలు నడిచాం. నాలుగడుగులకోసారి ఆగేది. ఒకచోట, చేల మధ్య, పక్కింటామెను పట్టుకున్న చెయ్యి మార్చుకోబోయి పెద్దామె తూలింది. అప్పుడు మాత్రం నా భుజం మీద చెయ్యి వేసింది. ఒంట్లో బరువే లేదు. బస్సులోనూ రైల్లోనూ పక్కింటామె భుజానికి ఆనుకుని కూర్చుంది.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళ. వరండాలో కొడుకు ఎదురొచ్చి పెద్దామె కాళ్ళ దగ్గరికి వంగబోయాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టలేదు, తొయ్యనూ లేదు. "పద, ఎక్కడున్నాది?" అంది.

మంచం దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ మంచం పట్టెకి ఆన్చి నిలబడింది. చిన్నామె మెలకువగానే ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. పెద్దామె ఆయాసం విని ఆమె ముక్కుపుటాలు అదిరాయి. నర్సు గబుక్కున దగ్గరికి వచ్చింది.

"ఏడిసేవంటే ఎల్లిపోతాను" అంది పెద్దామె.

చిన్నామె పెదవులు బిగించింది. కట్టు తడవలేదు.

"సీరలు మడతేసి ఇచ్చేవు" అంది.

"నువ్వు ఎల్తానన్నావని సెప్పేరు."

"నాను అలగ అనలేదు."

"తెలిసింది" అంది పెద్దామె. స్టూలు లాక్కుని కూర్చుని, ఇసక మూట పక్కన ఉన్న చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. నన్ను ఇద్దరూ పిలవలేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

ఆ రాత్రి కోడలు ఇంటి నుంచి కారియరు తెచ్చింది. చిన్నామెకి జావ ఒక గిన్నెలో, మిగతా గిన్నెల్లో అన్నం, పప్పు, వంకాయ కూర. అన్నం గిన్నె పెద్దామె ముందు పెట్టి, అత్తయ్యా తినండి అంది. ఆ మాట ముందే అనుకుని వచ్చినట్టుంది, కొంచెం తడబడింది. పెద్దామె తిన్నది. వారం తర్వాత కడుపునిండా తిన్న మొదటి భోజనం అదేనని పక్కింటామె చెప్పింది.

కట్లు విప్పాక దళసరి కళ్ళద్దాలు వచ్చాయి. చిన్నామె నెలరోజులు విజయనగరంలో రెండు గదుల ఇంట్లో ఉంది. పెద్దామె కూడా ఉంది. ఇద్దరూ వంటగదిలో పడుకునేవారు. ఆ నెలలో కోడలికీ వాళ్ళకీ మూడు తగువులు జరిగాయని కొడుకే నాకు షాపు దగ్గర చెప్పాడు. నెల నిండాక ఇద్దరూ ఊరికి తిరిగి వెళ్ళిపోయారు. అతను ఆపలేదు. పదిహేను రోజులకోసారి వెళ్ళి చూసి వస్తున్నానన్నాడు.

విశాఖ వెళ్ళి ప్రొఫెసరుగారికి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. ఆ రెండు ఫారాలూ తీసి చూసి, ఇవి లెక్కలోకి రావు అన్నారు. మనం అడగడం వల్ల వాళ్ళ బతుకు మారింది కాబట్టి వాళ్ళు ఎలా బతుకుతున్నారో ఈ కాగితాలు చెప్పలేవు అన్నారు. కావాలంటే ఉద్యోగం మానుకోవచ్చనీ, ఉంటే మిగిలిన ఊళ్ళు పూర్తి చెయ్యాలనీ అన్నారు. నేను ఉన్నాను. తర్వాత నాలుగు నెలల్లో రెండు వందలమందికి పైగా ముసలివాళ్ళతో మాట్లాడాను. ఒక తండ్రి తన కొడుకు కొడతాడని చెప్పినప్పుడు, ఇంకొకామె తనకి ఎవరూ అక్కర్లేదని ఏడ్చినప్పుడు, నోరు మూసుకుని రాసుకున్నాను. అది సరైనదని నాకు ఎప్పుడూ గట్టిగా అనిపించలేదు. తప్పని కూడా తేల్చుకోలేకపోయాను.

పెళ్ళయి వెళ్ళిపోయే ముందు ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. చిన్నామె దూరం నుంచే నన్ను చూసి, పాప ఎర్రగా ఉంటాదనుకున్నాను, నలుపే అంది. ఇద్దరూ నవ్వారు. పెద్దామె ఉలవచారు పోసి అన్నం పెట్టింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే బాగానే ఉన్నాదంది. ఊరి సంగతులు, వానల సంగతి, కొడుకు షాపు సంగతి అన్నీ చెప్పింది. చిన్నామె గురించి నేను ఏదో అడగబోతే, వినబడనట్టు లేచి పెరట్లోకి వెళ్ళింది.

తర్వాత నాలుగేళ్ళకి పెద్దామె పోయిందని కొడుకు ఉత్తరం రాశాడు. చిన్నామెను తమ ఇంటికి తెచ్చుకున్నామనీ, రోజూ సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని తన పదిహేనో ఏట పెద్దామె తనని పెళ్ళికి చూడ్డానికి తమ ఊరు వచ్చిన రోజు ఏ చీర కట్టుకుందో చెబుతోందనీ రాశాడు.